పొర మీద ఎవరి పక్కన ఎవరు? మాస్టారికి మీ ప్రశ్నలు

పోయిన సంచికలో క్యాన్సర్ ముక్క పరీక్ష గురించి రాస్తూ, ఫలానా ప్రోటీన్ ఉందా లేదా అన్నది ఒక్కటే చూడకండి, అది కణంలో ఎక్కడుందో కూడా రిపోర్టులో ఉంటుంది, అదీ చదవండి అని ఒక్క వాక్యం రాసి వదిలేశాను. ఆ వాక్యం పట్టుకుని బొబ్బిలి నుంచి నరసన్నపేట దాకా ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు వచ్చాయి. ఎక్కడుందో ఎందుకు చూడాలి అన్నదే చాలామంది అడిగింది కాబట్టి వాటిలో కొన్ని ఏరి ఈసారి పేజీ అంతా దానికే ఇస్తున్నాను. కొత్తగా చదివేవాళ్ల కోసం ఒక మాట, నేను డాక్టర్ని కాదు, విజయనగరంలో డిగ్రీ పిల్లలకు జువాలజీ చెప్పి రిటైరైనవాణ్ని. ఏ మందు, ఎన్నాళ్లు అన్నది మీ డాక్టరుగారే చెప్పాలి, అది ఒంట్లో ఏం చేస్తుందో నేను చెబుతాను.

ప్రశ్న (ఒక టీచరమ్మ, బొబ్బిలి): మాస్టారూ, మా అప్పకి రొమ్ములో గడ్డ వస్తే విశాఖలో ముక్క తీసి పరీక్షకి పంపారు. రిపోర్టులో హెర్2 3+ అని ఉంది. పక్కనే, పది శాతానికి మించిన కణాల్లో పొర చుట్టూ పూర్తిగా, గాఢంగా రంగు పట్టిందని ఇంగ్లీషులో రాశారు. మూడు వారాలకోసారి ఇంజెక్షన్ చెయ్యాలంటున్నారు. 3+ అంటే మూడో స్టేజీయా? కణం లోపల కాకుండా పొర మీద రంగు చూడ్డం ఏంటి? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.

జవాబు: 3+ అంటే మూడో స్టేజీ కాదమ్మా. ముందు ఈ మాట ఇంట్లో అందరికీ చెప్పండి. గడ్డ ఎంతుంది, చంకలో గ్రంథులకు పాకిందా, దూరంగా ఇంకెక్కడికైనా వెళ్లిందా అన్నవి చూసి స్టేజీ చెబుతారు. ఈ 3+ అన్నది రంగు ఎంత పట్టిందో చెప్పే మార్కు. 0, 1+, 2+, 3+ అని నాలుగు మెట్లుంటాయి. 2+ వస్తే ఎటూ తేలనట్టు లెక్క, అప్పుడు ఫిష్ అనే ఇంకో పరీక్షలో 17వ క్రోమోజోమ్ మీద ఉండే హెర్2 జన్యువు ఎన్ని కాపీలు అయిందో లెక్కపెట్టి తేలుస్తారు. 3+ వస్తే ఆ పరీక్ష అవసరం పడదు.

ఇక పొర సంగతి. మన ఒంట్లో ప్రతి కణం చుట్టూ కొవ్వు అణువులు రెండు వరుసలుగా పేర్చుకున్న పొర ఉంటుంది, పుస్తకాల్లో కణత్వచం అంటారు. మందం సుమారు 5 నానోమీటర్లు, అంటే మిల్లీమీటరులో రెండు లక్షలో వంతు. ఆ పొరలో ప్రోటీన్లు అటూ ఇటూ పొడుచుకుని ఉంటాయి. వాటిలో కొన్ని బయటి కబురు అందుకుని లోపలికి చేరవేస్తాయి. వాటినే రిసెప్టర్లంటాం. హెర్2 అలాంటి రిసెప్టరే, పెరుగు, విభజన చెందు అని కణానికి చెప్పడం దాని పని. అయితే ఆ పని అది ఒంటరిగా చెయ్యలేదు. పొర మీద తనలాంటిది ఇంకోటి పక్కకు రావాలి, రెండూ జత కట్టాలి, అప్పుడు పొరకు లోపలివైపు ఉన్న వాటి తోకలు ఒకదాని మీద ఒకటి ఫాస్ఫేట్లు అంటిస్తాయి, అక్కడినుంచి కబురు కణం మధ్యలో ఉన్న జన్యువుల దాకా గొలుసులా వెళుతుంది.

హెర్ కుటుంబంలో నాలుగు రిసెప్టర్లున్నాయి. మిగతా మూడూ బయటి నుంచి గ్రోత్ ఫ్యాక్టర్ అనే చిన్న ప్రోటీన్ వచ్చి తగులుకుంటేగానీ ఆకారం మార్చుకుని జతకు సిద్ధం కావు. అదో తాళం అనుకోండి. హెర్2కి ఆ తాళం లేదు. దానికి తగులుకునే గ్రోత్ ఫ్యాక్టర్ ఏదీ ఇంతవరకు దొరకలేదు, దాని ఆకారం ఎప్పుడూ జతకు సిద్ధంగానే ఉంటుంది. మామూలు కణంలో హెర్2లు సుమారు 20 వేలు ఉంటాయి, అంత పెద్ద పొర మీద అవి దూరదూరంగా తిరుగుతుంటాయి కాబట్టి ఇబ్బంది లేదు. జన్యువు కాపీలు పెరిగిపోయిన క్యాన్సర్ కణంలో అవే 20 లక్షల దాకా పోతాయి. పొర మాత్రం వంద రెట్లు పెరగలేదు కదా. మన ఊళ్లో సిరిమాను రోజున మూడు లాంతర్ల దగ్గర నిలబడితే ఏమవుతుందో మీకు తెలుసు. మామూలు రోజుల్లో ఆ రోడ్డు మీద ఇద్దరు కలవాలంటే ఒకరినొకరు పిలుచుకోవాలి, సిరిమాను రోజున ఎవరూ ఎవర్నీ పిలవక్కర్లేదు, భుజాలు రాసుకుంటూనే ఉంటాయి. హెర్2లకూ అదే జరుగుతుంది, ఎవరూ కబురు పంపకుండానే జతలు పడతాయి, కణం ఆగకుండా విభజన చెందుతుంది.

పొర మీద రంగునే లెక్కపెట్టేది అందుకే. హెర్2ని వెతికి పట్టుకునే యాంటీబాడీకి గోధుమ రంగు తగిలించి మైక్రోస్కోప్ కింద చూస్తారు. కణం లోపలి ద్రవంలో కాస్త రంగు కనిపించినా దానికి మార్కు లేదు, ఎందుకంటే అక్కడున్న హెర్2 జత కట్టి కబురు పంపేది కాదు. ఇంజెక్షన్‌లో వచ్చే యాంటీబాడీ కూడా కణం లోపలికి దూరి వెతకదు, పొర బయటివైపు తలెత్తి ఉన్నదాన్నే పట్టుకుంటుంది.

హెర్2 జన్యువు కాపీలు ఎక్కువున్న రొమ్ము క్యాన్సర్ త్వరగా తిరగబెడుతోందని డెనిస్ స్లామన్ బృందం 1987లో చూపించింది. అప్పట్లో ఆ రిపోర్టు వస్తే మనసు కష్టపడాల్సిందే. 1998లో ఆ ఇంజెక్షన్ మందు ట్రాస్టుజుమాబ్‌కు అమెరికాలో అనుమతి వచ్చాక లెక్క తిరగబడింది, ఇప్పుడు 3+ అంటే గురి చూసి కొట్టగలిగే చోటు దొరికిందని అర్థం. 2012లో వచ్చిన పెర్టుజుమాబ్ నాకు ఇంకా ముచ్చటేస్తుంది, అది హెర్2 పక్కదానితో చెయ్యి కలిపే చోటునే కప్పేస్తుంది. ముఖ్యంగా హెర్3తో. ఈ రెండింటి జత అన్నిటికన్నా బలమైనది. హెర్3కి సొంతంగా ఫాస్ఫేట్ అంటించే శక్తి దాదాపు లేదు, హెర్2కి బయటి కబురు అందుకునే దారి లేదు, విడివిడిగా చూస్తే రెండూ సగం సగం, పక్కపక్కన చేరితే పూర్తి. పొర మీద పొరుగు ఎవరన్నది ఎంత ముఖ్యమో చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ తెలియదు.

ఖర్చు గురించి రెండో ఉత్తరంలో అడిగారు. 2014 నుంచి ట్రాస్టుజుమాబ్‌కు మన దేశంలో తయారైన బయోసిమిలర్లు, అంటే దాన్ని పోలిన మందులు, దొరుకుతున్నాయి, మొదట్లో ఉన్నంత ధర ఇప్పుడు లేదు. ఆరోగ్యశ్రీ కింద, అదే ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ కింద, మీ ఆసుపత్రిలో ఏది వస్తుంది, ఏది రాదు అన్నది అక్కడి ఆరోగ్యమిత్రను నేరుగా అడగండి, బంధువుల మాట మీద ఆధారపడకండి.

ప్రశ్న (ఒక పాఠకుడు, గజపతినగరం): మా ఆవిడకీ ఇదే ఇంజెక్షన్. రొమ్ము క్యాన్సర్‌కి మూడు నెలలకోసారి గుండెకి ఎకో ఎందుకండీ? స్కానింగ్ బిల్లు కోసమేనా?

జవాబు: కాదండీ, ఇది మానకండి. గుండె కండర కణాల పొర మీద కూడా హెర్2 కొద్దిగా ఉంటుంది, అక్కడ అది గుండెకు మేలు చేసే కబురే మోస్తుంది. ఇంజెక్షన్‌కు గడ్డ ఏదో గుండె ఏదో తెలియదు. కొంతమందిలో గుండె పంపింగ్ తగ్గుతుంది, ముందే కనిపెట్టి మందు కొన్నాళ్లు ఆపితే చాలామందిలో తిరిగి కోలుకుంటుంది. ఆ కనిపెట్టడానికే ఎకో.

ప్రశ్న (ఇంటర్ సెకండియర్ అమ్మాయి, ఆమదాలవలస): సార్, మాకు కణత్వచానికి సింగర్, నికల్సన్ 1972లో చెప్పిన ఫ్లూయిడ్ మొజాయిక్ మోడలే చెప్పారు. యూట్యూబ్‌లో ఒకాయన అది పాతబడిపోయింది, ఇప్పుడంతా లిపిడ్ రాఫ్ట్‌లే అన్నాడు. ఎగ్జామ్‌లో ఏం రాయాలి? అసలు ఏది నిజం?

జవాబు: ఎగ్జామ్‌లో ఫ్లూయిడ్ మొజాయికే రాయి తల్లీ, మార్కులు దానికే. కొవ్వు పొర ద్రవంలా ఉంటుంది, ప్రోటీన్లు అందులో తేలుతూ జరుగుతుంటాయి అన్నదే ఆ మోడల్. యూట్యూబ్ ఆయన చెప్పిందీ పూర్తిగా అబద్ధం కాదు గానీ, పాతబడిపోయింది అనడం మాత్రం అతి.

1970లో ఫ్రై, ఎడిడిన్ అనే ఇద్దరు ఎలుక కణాన్నీ మనిషి కణాన్నీ కలిపి ఒకే కణంగా చేశారు. ఎలుక ప్రోటీన్లకు ఒక రంగు, మనిషి ప్రోటీన్లకు ఇంకో రంగు. మొదట సగం ఒక రంగు, సగం ఇంకోటి. ఒంటి వేడి దగ్గర ఉంచితే 40 నిమిషాల్లో రెండు రంగులూ పొరంతా కలిసిపోయాయి, బాగా చల్లబరిస్తే కలవలేదు. అంటే పొర గట్టి గోడ కాదు, ప్రోటీన్లు అందులో జరుగుతాయి. సింగర్, నికల్సన్ మోడల్‌కు బలం ఇచ్చిన ప్రయోగాల్లో అదొకటి. ఇది ఇప్పటికీ నిజమే. తప్పల్లా ఎక్కడొచ్చిందంటే, దాన్ని చదివినవాళ్లు పొరంతా ఒకేలా ఉంటుందని, ఏ ప్రోటీన్ అయినా ఎక్కడికైనా స్వేచ్ఛగా తిరిగేస్తుందని అనేసుకున్నారు.

తర్వాత తెలిసింది ఏమిటంటే, పొర కింద లోపలివైపు యాక్టిన్ దారాల వల ఒకటి ఉంటుంది, దానికి కట్టుబడ్డ ప్రోటీన్లు పొరలో అడ్డంగా నిలబడతాయి. జపాన్‌లో కుసుమి బృందం చాలా వేగంగా ఫోటోలు తీసే కెమెరాలతో ఒక్కొక్క అణువునే వెంబడించి చూస్తే, అది కాసేపు ఒక చిన్న గదిలోనే తచ్చాడి, ఉన్నట్టుండి పక్క గదిలోకి దూకడం కనిపించింది. ఇక రాఫ్ట్‌ల సంగతి. కొలెస్ట్రాల్, స్ఫింగోలిపిడ్‌లు అనే ఒక రకం కొవ్వులు ఒకచోట చేరి కాస్త చిక్కగా ఉండే చిన్న చిన్న మడులు కడతాయని, కొన్ని ప్రోటీన్లు వాటిలోనే ఉండడానికి ఇష్టపడతాయని 1997లో సైమన్స్, ఇకోనెన్ రాశారు. పెద్ద గొడవే అయింది. ఎందుకంటే అప్పట్లో రాఫ్ట్‌లను వేరు చెయ్యడానికి కణాలను చల్లటి డిటర్జెంట్‌లో వేసి, కరగకుండా మిగిలినదాన్ని రాఫ్ట్ అనేవారు. డిటర్జెంట్ వెయ్యబట్టే అలా ముద్ద కట్టింది కాదని గ్యారంటీ ఏంటి అని మిగతావాళ్లు అడిగారు, న్యాయమైన ప్రశ్నే. కళ్లతో చూద్దామంటే రాఫ్ట్ సైజు 10 నుంచి 200 నానోమీటర్లు, మామూలు మైక్రోస్కోప్ 200 దరిదాపుల్లోనే చేతులెత్తేస్తుంది. ఆ హద్దు దాటించిన సూపర్ రిజల్యూషన్ పద్ధతులకు 2014లో బెట్జిగ్, హెల్, మోర్నర్‌లకు కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకునేది ఏంటంటే, అవి ఎప్పుడూ ఒకేచోట ఉండే దిబ్బలు కావు, కట్టి, చెదిరి, మళ్లీ కట్టే గుంపులు. నికల్సన్ కూడా 2014లో తన మోడల్‌కు ఈ సంగతులన్నీ చేర్చి మళ్లీ రాశాడు. కాబట్టి ఎవరైనా పాతది కొట్టేసి కొత్తది వచ్చింది అంటే నమ్మకు, పాతదాని మీదే కొత్తది కట్టారు.

నువ్వు అడగని విషయం ఒకటి చెప్పి వదులుతాను, ఎందుకంటే ఇది టెక్స్ట్‌బుక్‌లో ఒక మూలన ఉంటుంది. పొరలోని కొవ్వు ఒట్టి గోడ కాదు, కొన్నిచోట్ల కొవ్వే కబురు. పొర లోపలి వరుసలో పిప్2 అనే కొవ్వు కొద్దిగా ఉంటుంది. రిసెప్టర్ జత కట్టగానే పీఐ3 కైనేజ్ అనే ఎంజైమ్ అక్కడికి వచ్చి దానికి ఇంకో ఫాస్ఫేట్ తగిలించి పిప్3 చేస్తుంది. అప్పటిదాకా కణం ద్రవంలో ఊరికే తిరుగుతున్న ఏకేటీ అనే ప్రోటీన్ ఆ పిప్3ని పట్టుకుని పొరకు అతుక్కుంటుంది, అతుక్కున్నాకే దానికి ప్రాణం వస్తుంది, చావకు, పెరుగు అని కణానికి చెబుతుంది. పీటెన్ అనే ఎంజైమ్ ఆ అదనపు ఫాస్ఫేట్‌ను పీకేసి సంగతి ముగిస్తుంది. 1997లో కనిపెట్టిన ఈ పీటెన్ చాలా క్యాన్సర్లలో పోయి ఉంటుంది, అప్పుడు పొర మీద పిప్3 పేరుకుపోతుంది, ఏకేటీ అక్కడే తిష్ట వేస్తుంది. ఇక్కడ ఏకేటీ జన్యువులో ఏ తప్పూ లేదని గమనించావా? అది ఉండకూడని చోట ఎక్కువసేపు ఉంది, అంతే.

ప్రశ్న (కిరాణా కొట్టు యజమాని, చీపురుపల్లి): క్యాన్సర్ కణాల పొరలో కొలెస్ట్రాల్ ఎక్కువ ఉంటుందంట, నూనె, నెయ్యి పూర్తిగా మానేస్తే ఆ పొర కరిగిపోయి క్యాన్సర్ పోతుందని వాట్సాప్‌లో తిరుగుతోంది. కొలెస్ట్రాల్ మాత్రలు వేసుకుంటే క్యాన్సరే రాదని కూడా. నిజమేనా మాస్టారూ?

జవాబు: కాదు. ఆ మెసేజ్ ఇంకెవరికీ పంపకండి.

మన కణాల బయటి పొరలో కొవ్వు అణువులు లెక్కేస్తే ఇంచుమించు మూడో వంతు కొలెస్ట్రాలే ఉంటుంది, ఆరోగ్యమైన కణంలో కూడా. కణం దాన్ని తనే తయారు చేసుకోగలదు. మీరు వేపుడు మానేశారని అది పొర విప్పేసుకోదు. పైగా ల్యాబ్‌లో కణాల పొర నుంచి కొలెస్ట్రాల్‌ను సైక్లోడెక్స్ట్రిన్ అనే పదార్థంతో లాగేసి చూశారు. కొన్ని కబుర్లు తగ్గాయి, నిజమే, కానీ ఈజీఎఫ్ఆర్ అనే రిసెప్టర్, అది హెర్2కి అన్నదమ్ముడు లాంటిది, గ్రోత్ ఫ్యాక్టర్ లేకుండానే పనిచెయ్యడం మొదలుపెట్టిన ప్రయోగాలున్నాయి. అంటే అమరిక చెడగొడితే మనం కోరిన వైపే చెడుతుందని నమ్మకం లేదు. స్టాటిన్ అనే కొలెస్ట్రాల్ మాత్రల మీద ల్యాబుల్లో ఆశ పుట్టించే ఫలితాలు ఉన్న మాట వాస్తవమే, వాటిలో చాలావాటిలో వాడిన మోతాదు మనం మింగే మాత్రతో ఒంట్లో వచ్చేదానికన్నా బాగా ఎక్కువ. గుండె కోసం రాసిస్తే గుండె కోసం వేసుకోండి, క్యాన్సర్ రాకుండా అని సొంతంగా కొనుక్కోవద్దు.

అసలు నాకు కోపం ఎందుకంటే, కీమో నడుస్తున్నవాళ్లకు ఇలాంటి మెసేజ్‌లు చూపించి నెయ్యి, గుడ్డు, పాలు అన్నీ మాన్పించేస్తున్నారు. వాళ్లు చిక్కిపోతే కీమో తట్టుకోలేరు, డోసు తగ్గించాల్సి వస్తుంది, వాయిదా వేయాల్సి వస్తుంది. తిననివ్వండి.

ప్రశ్న (ఒక పాఠకుడు, రాజాం): మా చిన్నాన్నకి క్లోమం (పాంక్రియాస్) క్యాన్సర్. జన్యు పరీక్షలో కేరాస్ జీ12డీ అని వచ్చింది. తప్పు ఎక్కడుందో తెలిసింది కదా, మందు ఇవ్వండి అంటే దీనికి లేదన్నారు. నెట్‌లో చూస్తే కేరాస్‌కి మందు వచ్చిందని ఉంది. మాకు చెప్పడం లేదా?

జవాబు: దాచడం లేదండీ, రెండూ నిజమే. కాస్త ఓపిగ్గా చదవండి.

రాస్ అనేది కణం లోపల ఉండే స్విచ్ లాంటి ప్రోటీన్, కేరాస్, హెచ్‌రాస్ అందులో రకాలు. పైన రిసెప్టర్ కబురు పంపితే వెలుగుతుంది, కాసేపటికి తనే ఆరిపోతుంది. మనుషుల క్యాన్సర్లలో ఈ జన్యువు మారి ఉందని 1982లో తెలిసింది. 12వ స్థానంలో గ్లైసిన్ ఉండాల్సిన చోట ఇంకో అమైనో ఆమ్లం చేరితే ఆరడం కష్టమైపోతుంది, పైన ఎవరూ కబురు పంపకపోయినా వెలుగుతూనే ఉంటుంది. క్లోమం క్యాన్సర్లలో సుమారు 90 శాతంలో కేరాస్ మారి ఉంటుంది. మీ చిన్నాన్నగారి రిపోర్టులో ఉన్న జీ12డీ అంటే గ్లైసిన్ చోట ఆస్పార్టిక్ ఆమ్లం చేరిందని, ఈ క్యాన్సర్‌లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది అదే.

2021లో వచ్చిన సొటొరాసిబ్ అనే మందు జీ12సీకి. అక్కడ గ్లైసిన్ చోట సిస్టీన్ చేరుతుంది, ఆ సిస్టీన్‌లో ఉండే గంధకానికి మందు అతుక్కుని విడవదు. జీ12డీలో ఆ సిస్టీనే లేదు, అతుక్కోడానికి పట్టు దొరకదు. నెట్‌లో మీరు చూసింది ఈ మందు గురించే అయ్యుంటుంది, అది ఎక్కువగా ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు పనికొచ్చింది. క్లోమం క్యాన్సర్లలో జీ12సీ నూటికి ఒకటి రెండు. జీ12డీని పట్టే మందులు మనుషుల మీద ట్రయల్స్ దాకా వచ్చాయి. మీ డాక్టరుగారిని అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి లాంటి పెద్ద చోట మీకు తగిన ట్రయల్ ఏదైనా ఉందేమో కనుక్కోమని అడగొచ్చు, అడగడంలో తప్పేం లేదు.

ఇంతకీ రాస్‌ను ఇంకో దారిలో పట్టుకుందామని ఎప్పుడో ప్రయత్నించారు, ఆ కథ మన ఈ నెల సంగతికి దగ్గరిది. రాస్ తయారయ్యేది కణం ద్రవంలో, పని చేసేది మాత్రం బయటి పొరకు లోపలివైపు అంటుకుని. అంటుకోవడానికి దాని చివర 15 కార్బన్ల ఫార్నెసిల్ అనే కొవ్వు తోక తగిలిస్తారు, ఆ తోకే పొరలో దిగుతుంది. తోక లేకపోతే ఎంత చెడిపోయిన రాస్ అయినా ద్రవంలో ఊరికే తేలుతూ ఉంటుంది, ఎవరికీ హాని లేదు. ఎందుకంటే అది పిలవాల్సిన రాఫ్ అనే ప్రోటీన్ కూడా పొర దగ్గరికి వస్తేనే మేల్కొంటుంది. పైగా పొర మీద రాస్‌లు ఒక్కొక్కటిగా కాదు, కొన్ని ఆరేడు చొప్పున చిన్న గుంపులు కడతాయి, ఒక్కో గుంపు బతికేది సెకను లోపే, బలమైన కబురు వెళ్లేది ఆ గుంపుల నుంచే.

అయితే తోక తగిలించే ఎంజైమ్‌నే ఆపేస్తే పోలా అన్నారు 1990ల్లో. ఎంత చక్కటి ఆలోచన! ఎలుకల్లో పనిచేసింది కూడా. మనుషుల్లో బోల్తా పడింది. క్లోమం క్యాన్సర్‌కు జెమ్‌సిటాబిన్ అనే కీమో మందుతో పాటు టిపిఫార్నిబ్ అనే ఆ రకం మందు ఇచ్చి చూసిన పెద్ద ట్రయల్ ఫలితం 2004లో వచ్చింది, ఆయుష్షు పెరగలేదు. కారణం ఏంటంటే, ఒక ఎంజైమ్‌ను ఆపితే కేరాస్‌కు పక్క ఎంజైమ్ వచ్చి 20 కార్బన్ల ఇంకో తోక తగిలించేసింది, కేరాస్ యథాప్రకారం పొరకు చేరింది. ఆ రెండో దారి లేనిది హెచ్‌రాస్‌కు మాత్రమే. అందుకే హెచ్‌రాస్ మారిన తల, మెడ క్యాన్సర్లలో అదే టిపిఫార్నిబ్‌ను మళ్లీ వాడి చూస్తే కొందరిలో గడ్డలు తగ్గాయి. మందు అదే, రెండో తోక దొరికిన రాస్ తప్పించుకుంది, దొరకనిది దొరికిపోయింది.

మీ చిన్నాన్నగారికి ప్రస్తుతం కీమో, నొప్పి తగ్గించే వైద్యం ముఖ్యం. నొప్పికి మందు అడగడానికి మొహమాటపడకండి.

ప్రశ్న (ఒక డిగ్రీ విద్యార్థి, నరసన్నపేట దగ్గర పల్లె): మా నానమ్మ చిన్నప్పట్నుంచీ అడ్డపొగ, అంటే చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగుతుంది. అంగుట్లో తెల్లగా మచ్చలా ఉండి, మధ్యలో ఎర్ర చుక్కలు కనిపిస్తున్నాయి. నొప్పి లేదంటుంది. వేడికి కాయ కాసిందంతే, అందరికీ ఉండేదే అని ఊళ్లో అంటారు. దీనికీ మీరు చెప్పే పొర కథకీ సంబంధం ఉందా?

జవాబు: ఉంది. అయితే ముందు నానమ్మగారిని చూపించు బాబూ, సైన్సు తర్వాత చదువుకోవచ్చు. ఎర్ర చుక్కలు అంగుట్లో ఉండే చిన్న లాలాజల గ్రంథుల నోళ్లు వాచి అలా కనిపించడం కావచ్చు, అడ్డపొగ తాగేవాళ్లలో ఇది మామూలే. కానీ తెల్లమచ్చ పక్కన ఎర్రగా పల్చబడిన చోటు, మానని పుండు, గరుకుగా లేచిన కండ ఉంటే లెక్క వేరు. ఏది ఏదో ఇంట్లో అద్దం పట్టి తేల్చేది కాదు.

చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగే ఈ అలవాటు మన శ్రీకాకుళం, విశాఖ తీరం ఆడవాళ్లలో ఎంత పాతదో చెప్పక్కర్లేదు. గట్టి అంగుడి క్యాన్సర్ మిగతా చోట్ల అరుదు, ఇక్కడ అరుదు కాదు. పిండ్‌బోర్గ్ అనే డెన్మార్క్ శాస్త్రవేత్త, బొంబాయి టాటా సంస్థ వాళ్లతో కలిసి మన జిల్లా పల్లెల్లో 10,169 మంది నోళ్లు చూసి 1971లో ఒక వ్యాసం అచ్చువేశాడు, నోటి వైద్యం పుస్తకాల్లో మన శ్రీకాకుళం పేరు కనబడేది దానివల్లే. అందరికీ ఉండేదే అన్న మాటకు జవాబు అందులోనే ఉంది, అందరికీ ఉండడం వేరు, ప్రమాదం లేకపోవడం వేరు.

ఇక పొర. పొగలోని రసాయనాలు జన్యువులను చెడగొడతాయి, మొదటి దెబ్బ అదే, దాన్ని తక్కువ చేసి చెప్పను. రోజూ కాలి, మాని, మళ్లీ కాలే చోట కణాలు ఎప్పుడూ మానే పనిలోనే ఉంటాయి, మానడానికి విభజన కావాలి, విభజనకు కబురు కావాలి. ఇక్కడ ఈజీఎఫ్ఆర్ వస్తుంది. దానికి తగులుకునే గ్రోత్ ఫ్యాక్టర్‌ను కనిపెట్టినందుకు స్టాన్లీ కోహెన్‌కు 1986లో నోబెల్ ఇచ్చారు. నోరు, గొంతు క్యాన్సర్లలో ఎక్కువవాటిలో ఈ రిసెప్టర్ పొర మీద మామూలు కన్నా పెరిగి ఉంటుంది, 2006లో అమెరికాలో తల, మెడ క్యాన్సర్లకు అనుమతి వచ్చిన సెటుక్సిమాబ్ దాన్నే పట్టుకుంటుంది.

ఒక అందమైన ప్రయోగం ఉంది, అది అంగుడి మీద కాదు, శ్వాసనాళాల లోపలి కణాల మీద. అక్కడ గ్రోత్ ఫ్యాక్టర్ పైన తడిలో ఉంటుంది, దాన్ని అందుకునే హెర్ కుటుంబం రిసెప్టర్లు కణానికి అడుగు వైపు పొర మీద ఉంటాయి. కణాల మధ్య సందు బిగుతుగా కుట్టి ఉంటుంది కాబట్టి రెండూ ఒకే చోట ఉండి కూడా కలవవు. గాయమై ఆ కుట్టు విడిపోతే పైది కిందకు కారుతుంది, రిసెప్టర్‌కు అందుతుంది, గాయం మానుతుంది. 2003లో నేచర్ పత్రికలో వచ్చింది. రోజూ గాయమయ్యే చోట ఆ తలుపు మూసుకునే తీరికే ఉండదు కదా అని నాకు అనిపిస్తుంది. అంగుట్లో కణాలు చాలా వరుసలుగా ఉంటాయి, అక్కడ ఇదే తీరున జరుగుతుందని నేను చెప్పను.

ఇంకొకటి, ఇ-కాడ్హెరిన్. పక్కపక్క కణాలు ఒకదాన్నొకటి పట్టుకునేది పొర మీద ఉండే ఈ ప్రోటీన్‌తో. లోపలివైపు దానికి బీటా కెటెనిన్ అనేది కట్టి ఉంటుంది. పొర దగ్గర ఉన్నంతసేపు బీటా కెటెనిన్ పని కణాలను కలిపి ఉంచడమే, అదే కణకేంద్రంలోకి వెళితే విభజన జన్యువులను లేపుతుంది. ఇది బాగా రుజువైంది పెద్దపేగు క్యాన్సర్‌లో. నోటి క్యాన్సర్లలో పొర మీద ఇ-కాడ్హెరిన్ తగ్గిపోవడం తరచూ చూస్తారు, అలాంటి కణాలు పక్కవాటిని వదిలేసి మెడ గ్రంథుల వైపు పోవడానికి సుళువు.

నానమ్మగారికి ఇవన్నీ చెప్పక్కర్లేదు. శ్రీకాకుళం ప్రభుత్వాసుపత్రిలో దంత విభాగానికి గానీ, దగ్గర్లో ఉన్న పళ్ల డాక్టరుకు గానీ చూపించండి, అవసరమైతే వాళ్లే ముక్క తీయిస్తారు. చుట్ట ఎన్నేళ్లుగా, రోజుకు ఎన్ని తాగుతుందో డాక్టరు అడక్కపోయినా చెప్పండి, అడ్డపొగ అని కచ్చితంగా చెప్పండి, ఎందుకంటే బయటి ప్రాంతం నుంచి వచ్చిన కుర్ర డాక్టర్లలో కొందరికి ఆ అలవాటు ఉందనే తెలియదు. ముక్క పరీక్షలో క్యాన్సర్ లేదని వచ్చినా చుట్ట మాన్పించాలి, అలవాటు మానినవాళ్లలో అంగుడి మచ్చలు తగ్గడం చూసిందే. ఒకేసారి మానలేనంటే పొగాకు మాన్పించే సలహా కోసం అక్కడే అడగండి, 1800 112 356 అనే జాతీయ ఉచిత నంబరు కూడా ఉంది.